ఖాళీ జీపు

31 ఆగస్టు 2017, గురువారం

అమ్మ అరుణశ్రీ కారులో ఇంటికొచ్చింది. నేను ఖాళీ జీపు తోలుకుంటూ ఆ కారు వెనకాలే వచ్చాను.

ఈ డైరీ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఎనిమిది నెలలుగా బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరితోనైనా చెప్పుకుంటే సాయంత్రానికి పేటంతా తెలిసిపోతుంది, దీంతో ఆ భయం లేదు.

చేపల షెడ్డు మెట్ల మీద నాచుకి జారి అమ్మ తుంటి విరిగింది. ప్లేటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు ప్రతి గురువారం విజయనగరం ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఇవాళ మొదటి గురువారం. తెల్లారకముందే లేచి జీపులోంచి ఐసు పెట్టెలన్నీ దించేశాను. సబ్బునీళ్ళతో కడిగాను. మధ్య సీటు మీద బొంత పరిచి అమ్మని పడుకోబెట్టాను. పూసపాటిరేగ దాకా పళ్ళు బిగబట్టుకుంది. నాతవలస దాటి డెంకాడ రోడ్డెక్కాక గుంత గుంతకీ "ఓలమ్మో, ఓలమ్మో" అంటూనే ఉంది.

ఆసుపత్రి గుమ్మంలో నా చెల్లెలు అరుణశ్రీ నిలబడి ఉంది. వాళ్ళు తెల్ల కారు కొన్నారు. మా మరిది శివాజీ అక్కడే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, కొనుక్కోగలడు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మని అందులో ఎక్కించారు. ఇంటి దగ్గర దిగాక అమ్మ అంది, "కదిలినట్టే లేదే. ఇంట్లో మంచమ్మీద తొంగున్నట్టే ఉన్నాది." నా ముందే అంది.

నాకేం అసూయ లేదు. కొత్త కారు కొత్త కారే, పదిహేనేళ్ళ జీపు జీపే.

1 సెప్టెంబర్

రోడ్డు బాగాలేదు. అంతే సంగతి.

3 సెప్టెంబర్, ఆదివారం

అరుణశ్రీ శివాజీ చేత తోలించుకుంటుంది. నేను నా బండి నేనే తోలుకుంటాను. ఇది ఎవరికీ గుర్తుండదు.

మా ఆయన ధనరాజు ఆగస్టు వస్తే దూరాన వెరావల్ వెళ్ళి వేట బోటెక్కేస్తాడు, మళ్ళీ ఎండాకాలానికే మొహం చూపిస్తాడు. వెళ్ళే ముందు నాకు జీపు తోలడం నేర్పాడు. వెనక సీట్లు పీకించి పెట్టెలకి చోటు చేశాడు. ఆరేళ్ళుగా విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి సంతలకి చేపలు నేనే వేసుకెళ్తున్నాను. పేటలో ఆడది స్టీరింగ్ పట్టుకుంటే మొదట్లో నవ్వారు. ఇప్పుడు వాళ్ళ బుట్టలు కూడా నా బండిలోనే వేయమంటారు.

పంక్చరు షాపు వాడు టైర్లు చూసి, గాలి ఎక్కువుంది, రాయిలా ఉంది అన్నాడు. తగ్గించాడు. కుదుపు ఎంత తగ్గిందో తెలియాలి కదా. చెంబు నిండా నీళ్ళు పోసి, అమ్మ పడుకునే చోట బొంతలో కుదురుగా పెట్టి, ఖాళీ బండితో నాతవలస దాకా పోయి వచ్చాను. చెంబులో సగం కూడా మిగల్లేదు. బొంతంతా తడిసింది.

అమ్మ వాకిట్లో మంచం మీంచి చూస్తూనే ఉంది. "ఏటే, జీపు నీళ్ళు పోసుకున్నాదేటి?" అంది.

7 సెప్టెంబర్, గురువారం

పెట్టెలు దించాను, కడిగాను. ఈసారి ఒక సెంటు సీసా కూడా కొని అద్దం కింద వేలాడదీశాను. అరుణశ్రీ కారులో ఉంది అలాంటిది.

"ఎలగున్నాదమ్మా?" అని హైవే మీద అడిగాను.

"బాగానే ఉన్నాదిలే."

డెంకాడ దగ్గర స్పీడు బ్రేకరు మీద వెనక చక్రాలు రెండూ లేచి పడ్డాయి. అమ్మ ఏడ్చేసింది. ముప్పై ఏళ్ళు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచిన మనిషి, నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, నా జీపులో ఏడ్చింది.

అరుణశ్రీ అమ్మ కళ్ళు చూసింది. నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, ఇలా తిప్పితే అమ్మ తట్టుకోలేదు. కొన్నాళ్ళు నా దగ్గర ఉంచెయ్. ఆసుపత్రి పది నిమిషాలు. సిరిమాను పండగ కూడా చూపిస్తాను" అంది. అక్కా అంది. పేటలో ఉన్నన్నాళ్ళూ అప్పా అనేది. విజయనగరం కాపరానికి వెళ్ళాక నేను అక్కనయ్యాను.

చూద్దాంలే అన్నాను. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? ఒకసారి ఆ ఇంట్లో గచ్చు నేల, ఫ్యాను, మెత్తటి పరుపు అలవాటైతే, మళ్ళీ ఇసకలో ఉన్న మా ఇంటికి అమ్మ ఎందుకొస్తుంది? వచ్చే దారిలో ఈ జీపు ఉండగా అసలు ఎందుకొస్తుంది?

అమ్మని దాని కారు ఎక్కించేటప్పుడు నా చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం ఉంది. అరుణశ్రీకని తెచ్చిందే. ఆ కారు ముందు సీటు కింద పెట్టి, చెప్పడం మరిచిపోయాను.

8 సెప్టెంబర్

మరిచిపోలేదు.

10 సెప్టెంబర్, ఆదివారం

నాకు దేవి అని రెండక్షరాలు పెట్టి ఊరుకున్నారు. దానికి మాత్రం అరుణశ్రీ. ఆ శ్రీ ఎక్కణ్ణుంచి దొరికిందో మా నాన్నకి.

తొమ్మిదో తరగతిలో నన్ను బడి మాన్పించి అమ్మ బుట్ట ఎత్తించింది. ఇద్దరం మోస్తే అరుణశ్రీ చదువుకుంటుంది అంది. అది చదువుకుంది, డిగ్రీ దాకా. నేను ఏనాడైనా ఏమన్నా అన్నానా? అనలేదు. చదువు దానికిచ్చారు, సరే. ఉద్యోగం ఉన్న మొగుణ్ణి తెచ్చారు, సరే. నాకు మిగిలింది అమ్మ ఒక్కత్తే. ఆవిడ నాతో ఉంటుంది, నా చేతి కూర తింటుంది, నా మీద కేకలేస్తుంది. అది కూడా కావాలట దానికి.

చిన్నప్పుడు ముగ్గురం చేపల వ్యాను వెనక ఎక్కి నెల్లిమర్ల సంతకి పోయేవాళ్ళం. బుట్టల మధ్య అమ్మ కూర్చుంటే చెరో పక్కా నిద్రపోయేవాళ్ళం. అమ్మ కొంగు అరుణశ్రీ మీద కప్పేది. అది చిన్నది కదా అనేది. నేను దానికన్నా రెండేళ్ళే పెద్ద.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. కుదుపు ఆపే షాకబ్జార్లు మార్పించాలి, అవి పూర్తిగా పోయాయి. రాయాల్సింది అది.

12 సెప్టెంబర్, మంగళవారం

విజయనగరంలో నాలుగు షాకబ్జార్లూ మార్పించాను. పాతవి చేత్తో నొక్కితే నొక్కినట్టే ఉండిపోయాయి. ఉప్పునీళ్ళు కారి కారి వాటి రబ్బరు బుష్షుల్ని కూడా తినేశాయి, అవీ కొత్తవి వేయించాను. మెకానిక్కు "ఎందుకమ్మా ఇంత ఖర్చు, సేపల బండికి?" అన్నాడు. మా అమ్మ కోసం అన్నాను.

అమ్మ కోసమే.

13 సెప్టెంబర్, బుధవారం

ఇవాళ చేపలు బాగా పడ్డాయి. ఎనిమిది పెట్టెలు నింపుకుని నెల్లిమర్ల, అక్కణ్ణుంచి గరివిడి వెళ్ళాను. కొత్త షాకులు చూద్దామని నిన్న రాత్రి నింపి పెట్టిన చెంబు సీటు మీద అలాగే మరిచిపోయాను, నీళ్ళతో సహా. గరివిడిలో బండి ఆపి చూస్తే నిండా ఉంది! ఒక్క చుక్క తొణకలేదు. కొత్త షాకులు పనిచేశాయన్నమాట.

నెల్లిమర్లలో మిల్లు ముందు చేపలమ్మే దానమ్మ నన్ను చూసి "ఏటే, మొహం ఎలిగిపోతంది, మీ ఆయన ఒచ్చీసినాడేటి?" అంది. రేపు గురువారం అని చెప్పాను. దానికేం అర్థం కాలేదు.

14 సెప్టెంబర్, గురువారం

పెట్టెలు దించాను, కడిగాను, సెంటు. చెంబు పని లేదనుకున్నాను.

పూసపాటిరేగ చేరకముందే అమ్మ అరిచింది. నేను ఇంకా నెమ్మదిగా పోయాను. ఎద్దుబండి నన్ను దాటిపోయింది. అయినా అరిచింది. డెంకాడలో "ఆపీవే, నాను నడిసి ఎల్తాను" అంది. విరిగిన తుంటితో నడిచి వెళ్తుందట.

నాకు ఒళ్ళు మండింది. "నడవడమెందుకు, దాని కారు ఉన్నాది కదా, ఆ కారే ఎక్కు. దానింట్లోనే కూకో" అన్నాను.

అమ్మ బొంత అంచు లాక్కుంది. తరవాత నెమ్మదిగా, "అలగే. సిరిమానుకి ముందొచ్చే ఆదివారం ఎల్లిపోతాను. దానికి మాటిచ్చీసినాను" అంది.

నేను అనకముందే మాటిచ్చేసిందా? అన్నాక ఇచ్చిందా? అడగలేదు. సిరిమాను అక్టోబరు మూడున. ఆదివారం అంటే ఒకటో తారీఖు.

15 సెప్టెంబర్

ఏమీ రాయను.

18 సెప్టెంబర్, సోమవారం

వెరావల్ నుంచి మా ఆయన ఫోను. గాలి తగ్గించాను, షాకులు మార్చాను, అయినా ఖాళీ గుర్రంలా ఎగురుతోంది అని చెప్పాను.

"ఎగరదేటి మరి, సాలూరులో కమాను కట్టకి రెండు పట్టీలు ఎక్కువ ఏయించినాను కదేటే, పెట్టెలు మొయ్యాలని. కొండబాబుకి సూపించు" అన్నాడు. ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడు చెప్తున్నాడు.

చక్రాల మీద ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్ట ఉంటుంది, బండి బరువంతా దాని మీదే. రెండు పట్టీలు తీసేస్తే సరిపోతుందన్నమాట. ఇంకా పన్నెండు రోజులుంది. జీపు మెత్తబడితే అమ్మకి వెళ్ళాల్సిన పనేముంది? నొప్పి వల్లే కదా వెళ్తానంది.

20 సెప్టెంబర్, బుధవారం

వ్యాపారం మానుకుని సాలూరు వెళ్ళాను. దసరా ముందు లారీలన్నీ బాగుచేయించుకుంటారు, రోడ్డు పొడుగునా అవే. కొండబాబు అరవై ఏళ్ళ మనిషి, కమాన్లు కట్టడం తప్ప ఇంకో పని చేయడు. జీపు కిందకి దూరి, పడుకునే మాట్లాడాడు.

"ఇది జీపని ఎవులు సెప్పినారమ్మా? లారీ నడుం ఎట్టి పంపించినాం దీనికి. మీ ఆయన పక్కన నిలబడి మరీ ఏయించినాడు."

"ఆ రెండూ తీసెయ్."

"తీసీస్తే మెత్తబడతాది. మరి పెట్టెలేస్తే ఎనక కూలబడిపోతాది. టైరు బాడీకి రాసుకుంటాది. యాపారం ఏటి సేస్తావు?"

"అది నాను సూసుకుంటాను."

బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అసలు లోడుతో ఎల్లినప్పుడు కుదుపేటమ్మా? ఖాళీగా తిప్పితేనే కదా ఎగురుతాది. నాలుగు పెట్టెలు ఎనకాల ఉంచి మీయమ్మని ఎక్కించు, సరిపోద్ది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మా సెల్లి సెంటు కొట్టిన కారులో తిప్పతంటే, నాను సేపల పెట్టెలకి ఆనించి తేవాలేటి మా అమ్మని? ఆసుపత్రి కాడ అందరూ ముక్కులు మూసుకోవాలేటి?"

"నాకేటి తెల్సమ్మా, నాను కమాన్లు కట్టీవోడిని" అన్నాడు. లారీలు వరసలో ఉన్నాయి, వచ్చే బుధవారం రమ్మన్నాడు.

పట్టీలు తీయిస్తే చేపలు వేసుకెళ్ళలేను. బుట్ట నెత్తిన పెట్టుకుని మళ్ళీ బస్సులే. ఆటోల వాళ్ళు ఎక్కించుకోరు, నీళ్ళు కారతాయని. తీయిస్తాను. నా బతుకు నా ఇష్టం.

21 సెప్టెంబర్, గురువారం

అరుణశ్రీ కారే ఇంటికొచ్చి అమ్మని తీసుకెళ్ళింది. నేను షెడ్డు దగ్గర పనుందని వెళ్ళలేదు. పనేం లేదు. కారు పేట దాటేదాకా షెడ్డు గోడ పక్కన నిలబడి చూశాను. అమ్మ వెనక్కి తిరిగి చూసిందేమో తెలియలేదు, ఆ అద్దాలు నల్లగా ఉంటాయి.

అసూయ అంటే ఇదే అయితే, ఉంది. రాశాను కదా, ఇంక చాలు.

26 సెప్టెంబర్, మంగళవారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

ఎనిమిది గంటలకి తెప్పలు ఒడ్డుకొచ్చాయి. కవ్వళ్ళు, పొలసలు. పెట్టెలన్నీ నింపి, ఐసు కొట్టి వేసి, మార్కెట్టుకి బయల్దేరబోతున్నాను. పక్కింటి గురమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఒలే దేవీ, మీయమ్మకి ఒళ్ళు కాలిపోతంది, బేగి రా" అంది. వెళ్ళి చూస్తే కుట్ల దగ్గర ఎర్రగా ఉబ్బి ఉంది. అరుణశ్రీకి ఫోను చేశాను. కారు శివాజీ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు, వెనక్కి పిలిపించి పంపుతాను, గంటన్నర పడుతుంది అంది.

గంటన్నర ఆగడానికి మనసొప్పలేదు. పెట్టెలు దించడానికి టైము లేదు. ఎనిమిది నిండు పెట్టెల ముందు, మధ్య సీటు మీద అమ్మని పడుకోబెట్టి తోలేశాను. చేపల నీళ్ళు, ఐసు, సీటు కింద పొలుసులు. సెంటు సీసా ఎప్పుడు తెగి పడిందో కూడా చూసుకోలేదు.

పూసపాటిరేగ దాటింది, అమ్మ అరవలేదు. నాతవలస దాటింది, అరవలేదు. డెంకాడ స్పీడు బ్రేకరు మీద కూడా చడీచప్పుడు లేదు. బండి పక్కకి ఆపి, వెనక్కి దూకి ముక్కు దగ్గర వేలు పెట్టాను.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఏలాపీసినావు?"

"నొప్పెట్టట్లేదేటి?"

"పడుకున్నాను కదేటే. ఏటి నొప్పి?"

నిద్రపోయిందట. అమ్మ చెయ్యి వెనక్కి చాపి పెట్టె మీద తట్టింది.

"ఇవి ఉంటే ఇది నిమ్మళంగా నడుస్తాది. నాకు తెల్దేటి, ఇన్నాళ్ళూ సేపల బళ్ళే కదా ఎక్కినాను. గురువారం గురువారం నువ్వే ఇవన్నీ దించీసి, కడిగీసి, సెంటు కొట్టీసి తెస్తావు. ఖాళీ బండి ఎగరదేటి?"

"తెల్సుంటే సెప్పలేదేటమ్మా?"

"నీకు నామోషీ అనుకున్నాను. సెల్లి ముందర సేపల కంపుతో దిగడం నీకిష్టం లేదేమోనని ఊరుకున్నాను."

నామోషీయే. కాదని ఎలా అంటాను? ముప్పై ఏళ్ళు ఆ కంపుతోనే మమ్మల్నిద్దర్నీ పెంచింది, నేను దాన్ని సబ్బు పెట్టి కడిగి మరీ ఆవిణ్ణి ఏడిపించాను. మూడు గురువారాలు పెట్టెలు దించింది నేనే. గరివిడిలో చెంబు చెప్పింది, సాలూరులో కొండబాబు నోటితో చెప్పాడు, నాకు మాత్రం అరుణశ్రీ కారు తప్ప ఇంకేం కనపడలేదు.

కుట్లలో కొంచెం చీము పట్టిందట. శుభ్రం చేసి మందులిచ్చారు. సాయంత్రానికి జ్వరం దిగింది. చేపలు సగం ధరకి పోయాయి.

27 సెప్టెంబర్, బుధవారం

కొండబాబుకి ఫోను చేశాను, పట్టీలు తీయక్కర్లేదని. "పెట్టెలు ఎట్టినావేటి?" అని అడిగాడు. అవునన్నాను. నవ్వలేదు, పెద్ద మనసు.

28 సెప్టెంబర్, గురువారం

ఇవాళ నిండు పెట్టెలతో, కడగని జీపులో, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా కబుర్లే. తిరిగి కూడా నా బండిలోనే ఎక్కుతానంది. అరుణశ్రీ తన కారు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంది. దాని మొహం చూశాను. మూసేసుకుంది, తలుపు.

ఎంత బాగుందో! ఇలా రాయకూడదు. కానీ చాలా బాగుంది.

ఆ సంతోషంలోనే దారిలో అన్నాను, "ఇంక కుదుపు లేదు కదమ్మా. ఆదివారం ఎల్లక్కర్లేదు. గురువారం గురువారం నానే తిప్పుతాను."

"ఎల్తాను" అంది అమ్మ.

"నొప్పి లేకపోయినా ఎల్తావేటి?"

"నొప్పికోసం ఎల్తన్నానని ఎవులు సెప్పినారు? అది కూడా నా కూతురేనే. దానికాడ ఒక నెల ఉంటాను. నువ్వే దింపు, నువ్వే తెచ్చుకో."

29 సెప్టెంబర్

ఇంత చేసినా ఏం లాభం.

30 సెప్టెంబర్, శనివారం, దసరా

జీపుకి పూజ చేశాను. కుంకం పెట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. కమాను కట్టలకి కూడా పసుపు రాశాను.

పండగకి తెప్పలేవీ వేటకి వెళ్ళలేదు. పెట్టెలు ఖాళీ. రేపు ఖాళీ జీపు.

ఒక ఆలోచన వచ్చింది. ఖాళీగానే తోలితే? నాతవలస దాకా కూడా భరించలేదు. "వెనక్కి తిప్పీవే" అంటుంది. నేను తిప్పేస్తాను. నేనేం చెయ్యలేదు కదా, చేపలు పడలేదు, అంతే. ఎవరూ నన్ను అనడానికి లేదు.

అమ్మ తన చీరలు సంచిలో పెట్టుకుంటోంది. నాలుగే చీరలు. ఐదోది దండెం మీదే వదిలేసింది, ఇక్కడికొస్తే కట్టుకోవడానికట.

1 అక్టోబర్, ఆదివారం

పొద్దున్నే గమేళా పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. తడి ఇసక తోడి తెచ్చి ఒక్కో పెట్టెలో పోశాను. ఆరు పెట్టెలు. నడుం పడిపోయింది. గురమ్మ చూసి, "ఏటే, ఇసక యాపారం ఎట్టినావేటి?" అంది. మా చెల్లెలికి పట్టుకెళ్తున్నానన్నాను. అబద్ధమేం కాదు.

చెంబు నిండా నీళ్ళు పోసి సీటు మీద పెట్టి, పేట చివరి దాకా తిప్పి వచ్చాను. తొణకలేదు. అప్పుడు అమ్మని ఎక్కించాను.

అమ్మ పెట్టెల్లోకి తొంగి చూసింది. ఇసక చూసింది. నా వైపు చూసింది. బొంత మీద ఒరిగి, కొంగు మీదకి లాక్కుంది. పూసపాటిరేగ దాటేసరికి గుర్రు పెట్టింది. డెంకాడ, స్పీడు బ్రేకర్లు, గుంతలు, ఏవీ లేపలేదు. నేను ఇంత నెమ్మదిగా, ఇంత బాగా ఎప్పుడూ తోలలేదు. విజయనగరం ఇంకొంచెం దూరంగా ఉంటే బాగుండేదనిపించింది.

సిరిమానుకి పందిళ్ళు వేస్తున్నారు. చుట్టూ తిరిగి అరుణశ్రీ ఇంటి గేటు ముందు ఆపాను. అమ్మ ఇంకా నిద్రలోనే ఉంది. ఈ ఇంజను ఆగితే ఆవిడకి మెలకువ వస్తుంది, చిన్నప్పటి నుంచి అంతే, వ్యాను ఆగిందంటే లేచి కూర్చునేది. లేస్తే దిగుతుంది. దిగితే లోపలికి వెళ్తుంది. నేను ఇంజను ఆపలేదు.

అరుణశ్రీ గేటు తీసుకుని వచ్చింది. వెనక అద్దంలోంచి చూసింది. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. అరుణశ్రీ చెయ్యి తలుపు మీద వేసింది, మళ్ళీ తీసేసింది. చుట్టూ తిరిగి వచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. తలుపు పూర్తిగా వేయలేదు, చప్పుడవుతుందని.

"నా కారులో ఎప్పుడూ పడుకోలేదు" అంది చిన్నగా. "తలుపు పట్టుకునే కూకుంటాది, సుట్టాలింటికి ఒచ్చినట్టు. బాగున్నాదే, మెత్తగున్నాదే అంటాది. కన్ను మాత్రం ముయ్యదు."

నేను అద్దంలోంచి అమ్మని చూశాను.

"ఒక్క వారం మాత్రం కొంచెం నిమ్మళంగా ఉన్నాది. నువ్వు సీటు కింద నెత్తళ్ళు ఎట్టినావు సూడు, ఆ వారం. ఆయన కారంతా ఎతికి ఎతికి తిట్టినారు. నాకు దొరికింది. ఆయన కంటపడి పారీసినదాకా తియ్యలేదు."

అది ఏడుస్తోందని గొంతులో తెలిసింది. మొహం చూడలేదు. నెలరోజులుగా ఈ పిల్ల నన్ను చూసి కుళ్ళుకుంటోందన్నమాట, నేను దాన్ని చూసి కుళ్ళుకున్నట్టే. నాకు సంతోషం వేయాలి. వేసింది, ఒక్క క్షణం. ఆ తరవాత వేయలేదు.

"పెట్టెల్లో ఏటున్నాదప్పా?" అంది. అప్పా అంది.

"ఇసక."

అది వెనక్కి తిరిగి పెట్టెల వంక చాలాసేపు చూసింది. "నెల తరవాత తీసికెళ్ళేటప్పుడు కూడా కావాలి కదా, ఇక్కడ దించీ. మేడ కింద ఉంచుతాను" అంది.

తల ఊపాను. అమ్మ కొంగు జారి సీటు కిందకి వేలాడుతోంది. అరుణశ్రీ సీటు మీంచి వంగి దాన్ని అమ్మ భుజాల మీదకి కప్పింది. ఇంజను నడుస్తూనే ఉంది. అమ్మ తనంతట తాను లేచేదాకా ఇద్దరం దిగలేదు.